యూలలీ ఇంటి మాయూ

టెలిఫోన్ డైరెక్టరీ చదివేవాళ్ళం అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నిజంగానే చదివేవాళ్ళం. 1979లో మావారు శ్రీధర్, నేను న్యూయార్క్‌లో ఫ్లషింగ్ అనే చోట ఉండేవాళ్ళం. తెలుగు మాట చెవిన పడక నాకు పిచ్చెక్కినంత పనయ్యేది. ఆదివారం వస్తే ఆ లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మనవాళ్ళ పేర్ల కోసం వేలు పెట్టి వెతికేదాన్ని. ఒక్క పేరు దొరికితే చాలు, ఫోన్ చేసేయడమే. ముక్కూ మొహం తెలియని వాళ్ళను "మీరు తెలుగువాళ్ళేనా అండీ" అని అడగడానికి నాకేం సిగ్గు లేదు. అవతలివాళ్ళూ నాలాంటివాళ్ళే కాబట్టి "ఈ శనివారం భోజనానికి వచ్చెయ్యండి" అనేవాళ్ళు. ఆ రోజుల్లో మనవాళ్ళ స్నేహాలన్నీ దాదాపు అలాగే కలిశాయి.

అలా వెతుకుతుంటే ఒకరోజు 'వీరాసామి' అని కనబడింది. అదీ రిచ్‌మండ్ హిల్‌లో, మాకు బస్సు దూరంలో. ఇంకేముంది, నంబరు తిప్పి, ఆడగొంతు వినబడగానే మా ఊరు, మా వీధి, మావారి ఉద్యోగం అన్నీ తెలుగులో గలగలా చెప్పేశాను. నేను ఊపిరి తీసుకునేదాకా ఆగి, ఆవిడ ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది: "మీరన్నది ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మీకు మనుషులు కావాలనిపిస్తోంది. ఇంటికి రండి."

యూలలీ వీరాసామితో నా పరిచయం అదీ. నేను చాలామంది గొప్పవాళ్ళను చూశాను, మెడల్స్ వాళ్ళను, పేపర్లో ఫొటోలు పడ్డవాళ్ళను. ఇప్పుడు శాన్ రామన్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఎవరి గురించైనా చెప్పమంటే మాత్రం యూలలీ గురించే చెబుతాను. ఎవరికైనా విసుగైతే లేచి వెళ్ళొచ్చు.

వెళ్ళి చూస్తే ఆవిడ మనవాళ్ళలా లేదు. పొట్టిగా, గట్టిగా, నల్లని తిన్నని జుట్టుతో, వెడల్పాటి బుగ్గలతో ఉంది. వీరాసామి ఆవిడ భర్త. అందరూ సోనీ అనేవారు. ఎప్పుడో ఆయన ముత్తాతలు మద్రాసులో ఓడెక్కి గయానా అనే దేశంలో చెరకు తోటల్లో పనికి వెళ్ళారు. దక్షిణ అమెరికాలో పైన ఒక మూలన ఉంటుంది ఆ దేశం. సోనీకి తెలుగూ రాదు, అరవమూ రాదు, పేరొక్కటే మిగిలింది. యూలలీ ఆ వలసవాళ్ళ పిల్ల కూడా కాదు. ఆ నేల మీద అందరికంటే ముందునుంచీ ఉన్న మకూషీ జాతి మనిషి. డెబ్భైల చివర్లో గయానాలో పిండి దొరక్క, పప్పు దొరక్క జనం దేశం వదులుతుంటే, వీళ్ళూ చంటిపిల్లతో న్యూయార్క్ వచ్చారు.

నన్ను చూసి ఆవిడ మర్యాదలేమీ చెయ్యలేదు. "సిస్టర్, కిందికి రండి, చెయ్యి ఖాళీగా లేదు" అని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. అక్కడ కుప్పగా కర్రపెండలం దుంపలు. మాది పెద్దాపురం. మా చుట్టుపక్కల చేలన్నీ కర్రపెండలమే, సగ్గుబియ్యం మిల్లుల పులిసిన వాసనలో పుట్టి పెరిగినదాన్ని నేను. భాష కోసం వెళితే దుంప దొరికింది. నేను కొంగు దోపుకుని కింద చతికిలబడి చెక్కు తీయడం మొదలుపెట్టాను. ఆవిడ నా చేతి వాటం ఒక నిమిషం చూసి, ఇంకేమీ అడగకుండా ఇంకో బుట్టెడు దుంపలు నా ముందు పెట్టింది.

తురిమిన దుంపను పిండడానికి ఆవిడ దగ్గర ఒక సాధనం ఉండేది. వెదురులాంటి బద్దలతో అల్లిన పొడవాటి సంచీ, మనిషంత పొడుగు. మటపీ అంటారు. దాన్ని పైన నీళ్ళ పైపుకు వేలాడదీసి, కింది కొనకు కర్ర దోపి, ఆ కర్ర మీద కూర్చునేది. బరువుకు సంచీ సాగి సన్నబడి, రసమంతా కారిపోయేది. "మా ఊళ్ళో దుంపల్లో విషం ఉంటుంది, పిండకుండా తింటే మనిషి పోతాడు. ఇక్కడి దుంపల్లో విషం లేదు. అలవాటు కొద్దీ పిండుతున్నాను" అని నవ్వేది. ఆ పొడితో పెనం మీద బండి చక్రమంత రొట్టెలు కాల్చి, వరండా కప్పు ఎక్కి ఎండబెట్టేది. వాళ్ళ ఊళ్ళో అందరి ఇళ్ళ కప్పుల మీదా అలాగే ఆరతాయట. న్యూయార్క్‌లో ఆ తెల్లటి చక్రాలు చూసి వీధిలోవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు, పావురాలు మాత్రం చాలా సంతోషించాయి.

ఆ బేస్‌మెంట్‌లో కూర్చుని ఆవిడ చెప్పిన ఊరు నాకు ఇప్పటికీ మా ఊరంత బాగా తెలుసు. కనూకు కొండల కింద, గడ్డి మైదానం మధ్య, పట్టుమని పాతిక ఇళ్ళు. మట్టి గోడలు, తాటి జాతి ఆకుల కప్పు. లోపల మంచాలుండవు, పత్తి వడికి అల్లిన ఉయ్యాల పడకలే. చేలు ఊరి పక్కన ఉండవు, కొండ అడుగున అడవి నరికిన చోట ఉంటాయి. యూలలీ వాళ్ళమ్మ చీకటితో లేచి, వీపున బుట్ట వేసుకుని, ఆ బుట్ట పట్టీ నుదుటికి తగిలించుకుని నడిచేది. తిరిగొచ్చేటప్పుడు బుట్ట నిండా దుంపలు, వాటి మీద కట్టెలు, కట్టెల మీద ఒక్కోసారి యూలలీ. వానాకాలం వస్తే మైదానమంతా చెరువైపోయేది. మొన్నటిదాకా పశువులు మేసిన చోట పడవ మీద వెళుతుంటే గడ్డిలో చేపలు మెదిలేవట. నాన్న పశువుల కాపరి, నెలల తరబడి మందలతోనే ఉండేవాడు. మిషన్ బడిలో మకూషీ మాట్లాడితే బెత్తం దెబ్బలు. ఆవిడ చాలా తిన్నది. "దెబ్బ పడగానే మకూషీలోనే ఏడ్చేదాన్ని, దానికి ఇంకోటి పడేది" అని చెబుతూ నవ్వేది. నాకు మాత్రం ఆ టీచరు దొరికితే చెవి మెలిపెట్టాలనిపించేది. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు అమ్మే లారీ నడుపుకుంటూ సోనీ ఆ ఊరికి వచ్చినప్పుడు కలిశారు వీళ్ళిద్దరూ.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మాయూ అంటారు. ఒక ఇంటికి పెద్ద పని పడిందనుకోండి, చేను నరకాలి, ఇల్లు కప్పాలి. ఆ ఇంటివాళ్ళు కర్రపెండలం రొట్టెలు తడిపి పులియబెట్టి పరకారి అనే పానీయం చేస్తారు. మన కల్లుకు మేనత్త కూతురు అనుకోండి. కూర వండుతారు. గడప గడపకూ వెళ్ళి ఫలానా రోజు మా ఇంట్లో పని అని చెబుతారు. ఊరంతా వస్తుంది, పని చేస్తుంది, తింటుంది, తాగుతుంది, పోతుంది. కూలి లేదు, బతిమాలడం లేదు. పిలిచేటప్పుడు ఒక్క గడప వదలకూడదు. ఒకసారి పిలిచాక రెండోసారి గుర్తు చేయకూడదు, అది అవతలి మనిషిని నమ్మనట్టు.

ఇప్పుడు ఆ పైకప్పు సంగతి. రిచ్‌మండ్ హిల్‌లో వాళ్ళు కొన్నది పాత చెక్క ఇల్లు. కప్పు మీది షింగిల్స్, అంటే తారు పూసిన అట్టపెంకులు, చివికిపోయి వాన పడితే పిల్ల మంచం మీదే కారేది. 1983 వేసవిలో సోనీ కొత్త షింగిల్స్ తెచ్చి పెరట్లో పేర్చి, పాతవాటి మీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పాడు. పని మొదలుపెడదాం అనుకున్న వారంలోనే తను పనిచేసే గిడ్డంగిలో పెట్టె మీద పడి కాలు విరిగింది. తొడ దాకా కట్టు. అది చాలదన్నట్టు ఎదురింటి హాఫ్‌మన్ అనే ముసలాయన సిటీ ఆఫీసువాళ్ళకు ఫిర్యాదు రాశాడు. వాళ్ళు వచ్చి చూసి, సెప్టెంబరులో ఒక సోమవారం మళ్ళీ వస్తామనీ, అప్పటికి కప్పు బాగు చేయకపోతే ఇల్లు ఖాళీ చేయాలనీ నోటీసు అంటించిపోయారు. చలి ముందు, కాలు విరిగిన మొగుడితో, నాలుగేళ్ళ పిల్లతో ఎక్కడికి పోతారు?

నేను ఆ నోటీసు పట్టుకుని కంగారు పడుతుంటే యూలలీ చాలా తేలిగ్గా, "పెంకులున్నాయి. చేతులే కదా కావాలి. మాయూ పిలుస్తాను" అంది.

"యూలలీ, ఇది అమెరికా. పక్కింటివాడి పేరు కూడా తెలియకుండా బతికేస్తారు ఇక్కడ" అన్నాను.

"నాకు తెలుసు వాళ్ళ పేర్లు" అంది.

అదీ నిజమే. ఆ వీధిలో మంచు పడితే నాలుగిళ్ళ ముందు పార పట్టేది ఆవిడే. ఎవరైనా ఇల్లు మారుతుంటే పిలవకపోయినా వెళ్ళి సోఫా ఒక కొస పట్టేది. వాళ్ళు థాంక్యూ అని తలుపు వేసుకునేవాళ్ళు.

వీధంతా తిరిగింది. "శనివారం మా కప్పు పని. కూరా, తాగడానికీ ఉంటాయి, రండి" అని చెప్పింది. అందరూ నవ్వు మొహంతో తప్పకుండా వస్తామన్నారు. ఆ నవ్వులు నేనూ చూశాను, వాటి విలువ నాకు తెలుసు. ఆవిడ మాత్రం అందరూ వస్తున్నారని లెక్క వేసుకుని పరకారి బకెట్లు పెంచింది. ఆఖరికి హాఫ్‌మన్ తలుపు కూడా కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఫిర్యాదు చేసినవాణ్ణి పిలుస్తావా? బుద్ధుందా నీకు?"

"గడప వదలకూడదు సిస్టర్."

ఆ పెద్దమనిషి ఆవిడ మాట పూర్తి కాకముందే తలుపు మొహాన వేశాడు. మంచి పని జరిగిందనుకున్నాను.

శనివారం పొద్దున్నే పెద్ద గిన్నెడు పులిహోర చేసుకుని, శ్రీధర్‌ను బలవంతాన బయల్దేరదీసి వెళ్ళాను. ఆయనకు స్టూలు ఎక్కినా కళ్ళు తిరుగుతాయి. "వసూ, నేను లాడర్ ఎక్కను, ముందే చెబుతున్నా. కింద నుంచి మోరల్ సపోర్ట్ ఇస్తాను" అన్నారు. యూలలీ వరండాలో బల్ల వేసి, కూర, రొట్టెలు, బకెట్లు, గ్లాసులు వరసగా సర్దింది. సోనీ కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎదురుచూశాం. ఎండ వరండాలోంచి మెట్ల మీదికి జరిగింది. ఒక్క మనిషి రాలేదు. పక్కింటాయన కారు కడుక్కుంటూ చెయ్యి ఊపాడు కూడా.

నేను తట్టుకోలేక, "వెళ్ళి ఒక్కొక్కళ్ళ తలుపూ బాది తీసుకొస్తాను" అని లేచాను.

"వద్దు. ఒకసారి పిలిచాను" అంది. అప్పుడు ఆవిడ మొహం చూశాను. భయపడుతోంది. అంతవరకూ ఆవిడ భయపడగలదని నాకు తెలియదు. "మా ఊళ్ళో కప్పు వేసేది మగవాళ్ళు. నేనెప్పుడూ వెయ్యలేదు" అంది నెమ్మదిగా. తర్వాత లోపలికి వెళ్ళి, సోనీ ప్యాంటు తొడుక్కుని, చివర్లు మడిచి, నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన పట్టుకున్నాను. పైకి వెళ్ళి పట్టా లాగి పారేసింది. పాత పెంకులు పెళ్ళగించడం మొదలుపెట్టింది. ఒకసారి కాలు జారింది. నా ప్రాణం పోయినంత పనయింది.

అప్పుడు ఆవిడ కప్పు కొస మీద నిలబడి ఒక కేక పెట్టింది. మాట కాదు, పాట కాదు. పని మొదలైందని కొండ కింద చేలో ఉన్నవాళ్ళకు ఊళ్ళోంచి తెలియజేసే కేక అట. పొడుగ్గా, చివర పైకి లేచేలా ఉంటుంది. వీధి వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి.

మొదట బయటికి వచ్చింది ఎవరనుకున్నారు? హాఫ్‌మన్. చెప్పులు ఈడ్చుకుంటూ వీధి దాటొచ్చి, "దిగు ముందు. పడి చస్తే నా మెడకు చుట్టుకుంటుంది" అని అరిచాడు.

"కప్పు వెయ్యాలి కదా" అంది పైనుంచి. "మంచిది, వచ్చారు."

"నేను రాలేదు. నువ్వు పిలిచినప్పుడు తలుపు వేశాను."

"వేశారు. ఇప్పుడు వచ్చారు."

ఆయన ఏదో గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. పోలీసులకు ఫోన్ చేస్తాడని నేను ఖాయం చేసుకున్నాను. చేతిలో లావుపాటి తాడు, సుత్తి పట్టుకుని తిరిగొచ్చాడు. నన్ను పక్కకు తప్పుకోమని, డెబ్భై దాటిన మనిషి, నిచ్చెనెక్కి, తాడు ఒక కొస పొగగొట్టానికి, ఇంకో కొస యూలలీ నడుముకు కట్టాడు. దిగాక, ఎవరూ అడగకుండానే చెప్పాడు: "ఆ ప్లాస్టిక్ రాత్రంతా టపటపా కొట్టుకుంటోంది. మా ఆవిడకు నిద్ర లేదు. అందుకే రాశాను."

"మీ ఆవిడా?" అన్నాడు సోనీ. ఆ వీధిలో ఎవరికీ ఆయనకు భార్య ఉందని తెలియదు. ఒంటరి ముసలాడనుకునేవాళ్ళు.

ఆయన మేకుల డబ్బా తీసుకుని మళ్ళీ ఎక్కాడు. కారు కడిగే ఆయన అది చూసి, మొహం చెల్లక కాబోలు, గొట్టం కట్టేసి వచ్చాడు. ఆయన్ని చూసి ఇంకొకళ్ళు, వాళ్ళను చూసి ఇంకొకళ్ళు. మధ్యాహ్నానికి పెరట్లోంచి కప్పు దాకా షింగిల్స్ చేతులు మారుతూ వెళుతున్నాయి. శ్రీధర్ కళ్ళు మూసుకుని మరీ వరండా కప్పు దాకా ఎక్కారు. ఎక్కిన తర్వాత దిగడం చేతకాక సాయంత్రం దాకా అక్కడే ఉండి అందుకున్నవన్నీ పైకి అందించారు. ఆయన జీవితంలో అంతకంటే సాహసం లేదు, ఇప్పటికీ చెప్పుకుంటారు.

అన్నిటికంటే తమాషా ఏమిటంటే, అయిదింటికి మూలింటి దంపతులు వచ్చారు. ఆయన సూటులో, ఆవిడ ఎత్తు మడమల చెప్పులతో, చేతిలో కేకు, వైను సీసా. తిండీ తాగుడూ ఉన్నాయంటే వాళ్ళు పార్టీ అనుకున్నారు. ఇంకా ఇద్దరు ముగ్గురు అలాగే తయారై వచ్చారు. యూలలీ తాడుతోనే కిందికి దిగి, కేకు తీసుకుని బల్ల మీద పెట్టి, ఆయన చేతికి సుత్తి ఇచ్చింది. పాపం, ఆయన టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పులు విప్పి పాత పెంకులు ఏరింది. చీకటి పడేసరికి సగం కప్పు అయింది. పరకారి రుచి చూసి అందరూ మొహం చిట్లించారు, గ్లాసు మాత్రం ఎవరూ కింద పెట్టలేదు. నా పులిహోర గిన్నె గీకేశారు.

ఆదివారం ఎవరూ పిలవకుండానే అందరూ వచ్చారు. సోమవారం సిటీ మనిషి నిచ్చెన ఎక్కి చూసి, దిగి, సంతకం పెట్టి, నోటీసు పీకేసి వెళ్ళాడు. ఇల్లు నిలబడింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పాలనుకుంటున్నది ఆదివారం సాయంత్రం సంగతి.

ఆఖరి షింగిల్ కొట్టాక అందరూ గ్లాసులు పట్టుకుని పెరట్లో నిలబడ్డారు. ఇక వెళదామని ఎవరో అంటే యూలలీ చెయ్యి అడ్డం పెట్టింది. మాయూ ముగిశాక ఇంకొక్క మాట అడిగితేనే మనుషులు కదలాలట. తర్వాత ఎవరింట్లో పని అని అడగాలి.

"ఇప్పుడు మీరు చెప్పండి. ఎవరికి పని ఉంది?" అంది.

అందరూ బాగానే ఉన్నామని తలలు ఊపారు. నాకూ చెప్పడానికి ఏమీ లేదనిపించింది. ఈ దేశంలో, మన దేశంలోనూ అనుకోండి, నాకు సాయం కావాలి అని పదిమందిలో అనడం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది. యూలలీ తొందరపెట్టలేదు. నిలబడింది. అంతకంటే తెగువ ఉన్న మనిషిని నేను చూడలేదు, సుత్తి పట్టుకుని కప్పెక్కినప్పటికంటే ఇప్పుడే ఆవిడ నాకు గొప్పగా కనబడింది.

"మా గ్రేటా మేడ మీద గదిలో ఉంది" అన్నాడు హాఫ్‌మన్. ఆయన తన బూట్లకేసి చూస్తున్నాడు. "నడుము పడిపోయింది. మెట్లు ఇరుకు. నేనొక్కణ్ణీ దించలేను. కింద ముందు గదిలో మంచం వేస్తే కిటికీలోంచి వీధి చూస్తుంది. ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది."

నేను ఏడ్చేశాను, దాచుకోలేదు. ఆ మనిషిని రెండు వారాలు తిట్టినదాన్ని మరి.

"ఎప్పుడు?" అంది యూలలీ.

"శనివారం... కానీ ఈ తిండి, ఈ తాగేది, నాకు చేయడం రాదు."

"నేను శుక్రవారమే వస్తాను" అంది యూలలీ. "ముందు ఆవిడ దగ్గర కాసేపు కూర్చోవాలి. ఎవరెవరు వచ్చి మోస్తున్నారో ఆవిడకు తెలియాలి కదా."